సుతర్జో నీడ

మా సోలో ఊరి పత్రికలో విమర్శకుడు సుతర్జో ముప్పై ఏళ్లుగా ఒకటే రాస్తూ వచ్చాడు: నావి తోలుబొమ్మలు కావట, గేదె తోలు ముక్కలట. నేను చదివిన పుస్తకాలన్నీ క్షమించమన్నాయి. నేను మాత్రం హాస్యగాడి బొమ్మకు అతని బానపొట్ట, అతని ఎత్తుపళ్లు చెక్కాను. తెర మీద నీడ పడగానే ఊరంతా అతని పేరు పెట్టి అరిచింది.

మర్నాడు సుతర్జో మా గుమ్మంలో నిలబడ్డాడు. నేను పోట్లాటకు సిద్ధమయ్యాను.

"నా రాతలు మా ఆవిడే చదవలేదయ్యా! నా నీడ చూసి ఊరంతా నవ్వింది," అన్నాడు మురిసిపోతూ. "కానీ ఒక్క లోపముంది."

"మళ్లీ మొదలెట్టావా?"

"మన ఆటలో హాస్యగాడు ఎప్పుడైనా ఒక్కడే ఉంటాడా? నేనెవడితో తగువాడాలి?"

ముప్పై ఏళ్లలో అతను చేసిన సరైన విమర్శ అదొక్కటే. అద్దం ఎదురుగా పెట్టుకుని, రెండో బొమ్మకు ముక్కు చెక్కుతున్నాను.