వెనక గుమ్మంలోంచి వచ్చినాయన

ప్రెస్సు ముందు షట్టరు సగం దించి ఉంది.

లోపల యజమాని కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కాలేజీ పరీక్ష పేపర్లు ఇవాళే కంపోజ్ అయి తీరాలి. లేకపోతే ఆ పని ఎదురు ప్రెస్సుకి పోతుంది, దాని వెనకే ఏడాది పొడుగునా వచ్చే పనులన్నీ పోతాయి. కొత్తగా కొన్న కంపోజింగ్ ప్రోగ్రామేమో కంప్యూటర్‌లోని పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడవనని మొండికేసింది. సిస్టమ్ మార్చాలంటే కంప్యూటర్ కంపెనీ మనిషి రావాలి. పొద్దున్నే వస్తానన్నవాడు పత్తా లేడు.

అప్పుడు వెనక గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు. గడ్డం మాసి ఉంది.

ఆ గుమ్మంలోంచి మిషన్లు బాగుచేసేవాళ్లు తప్ప ఎవరూ రారు.

"వచ్చారా మహానుభావా, ఇదేనా పొద్దున్నే రావడం?" అన్నాడు యజమాని.

"ముందు షట్టరు దించి ఉంటే ఇటు వచ్చానండీ. ఒక చిన్న పని..."

"చిన్న పనేం కాదు. కూర్చోండి ముందు."

"అది కాదండీ..."

"చూడండి, ఈ కంప్యూటర్ బాగయ్యేదాకా మా దగ్గర ఏ పనీ జరగదు. ఒక్క అక్షరం అచ్చు కాదు."

"ఒక్క అక్షరం కూడానా?"

"ఒక్కటి కూడా."

ఆయన కాసేపు ఆలోచించి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అక్కడ కంపోజింగ్ చేసేది యజమాని అన్నగారి అమ్మాయి. కొత్త సిస్టమ్ ఫ్లాపీల డబ్బా, దాంతో వచ్చిన లావుపాటి పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు.

"బాబాయ్, ఈయనేంటి, ఇప్పుడు చదువుకుంటున్నాడు?" అంది గుసగుసగా.

యజమాని ఆయన దగ్గరికి వచ్చాడు.

"ఇంతకుముందు ఎప్పుడైనా చేశారా?"

"మా ఆఫీసులో ఇలాంటిదే ఉండేదండీ. వేరేవాళ్లు చేస్తుంటే చూశాను."

"కొత్తవాణ్ణి పంపి మన నెత్తిన పని నేర్పిస్తున్నారమ్మాయ్. మన ఖర్మ" అని యజమాని తల పట్టుకున్నాడు.

ఆయన ఒక్కో ఫ్లాపీ పెడుతున్నాడు, తీస్తున్నాడు.

"పాత సిస్టమ్‌ని దాచిపెడతానని ఖాళీ ఫ్లాపీ అడుగుతోందమ్మా."

"పాతదెందుకు, పారేయక?" అన్నాడు యజమాని.

"ఉండనివ్వండి. పోయాక కావాలన్నా దొరకదు."

ఫ్లాపీలన్నీ అయ్యాయి. ప్రోగ్రామ్ తెరిస్తే మెమరీ చాలదంది.

"ఇంత పెద్ద డబ్బాలో జాగా లేకపోవడమేంటయ్యా?"

"కొత్త సిస్టమే ముందొచ్చి కాళ్లు బారజాపుకుందండీ. కాస్త పక్కకి జరపాలి."

ఏది ముందు ఎక్కాలో రాసి ఉండే కన్‌ఫిగ్ ఫైలు తెరిచి, పుస్తకంలో చూసి ఒక వరస మార్చాడు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. ప్రోగ్రామ్ వచ్చింది గానీ మౌస్ కదల్లేదు. మళ్లీ మార్చాడు. మౌస్ కదిలింది, ప్రోగ్రామ్ మాయమైంది. ఇవతలిది సర్దితే అవతలిది పోతోంది. కంప్యూటర్ కూత పెట్టినప్పుడల్లా యజమాని ఉలిక్కిపడుతున్నాడు. ఆ కంగారులో 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

"ఒకసారి ఇంటికి ఫోన్ చేసుకోవచ్చా?" అన్నాడాయన.

"ముందు పని కానీ. తర్వాత ఎంతసేపైనా చేసుకో."

ఆయన తలూపి మళ్లీ పుస్తకం తీశాడు. ఒకచోట చేతులు కదలడం మానేసి తెరకేసి చూస్తూ ఉండిపోయాడు.

"ఏమండీ, ఏదో మీట నొక్కమంటోంది" అంది అమ్మాయి.

"ఆఁ... అవునమ్మా" అని నొక్కాడు.

ఈసారి ప్రోగ్రామ్ తెరుచుకుంది. మౌస్ కదిలింది. ప్రింటర్‌లోంచి కాగితం అక్షరాలతో బయటికొచ్చింది.

"అమ్మాయ్, కూర్చో. మొదటి ప్రశ్న కొట్టు" అని యజమాని ఆయన్ని కుర్చీలోంచి లేపేశాడు.

ఆయన పక్కనే నిలబడ్డాడు.

"ఇప్పుడు నా సంగతి చూస్తారాండీ?"

"నీ సంగతి రేపు చూద్దాంలే. ఈ పేపర్లు పోనీ."

"రేపైతే అక్కర్లేదండీ."

యజమాని తలెత్తేసరికి ఆయన వెనక గుమ్మం దాటి వెళ్లిపోయాడు. ఇంటికి ఫోన్ కూడా చేసుకోలేదు.

కాసేపటికి అదే గుమ్మంలోంచి రొప్పుతూ ఒకతను వచ్చాడు.

"స్కూటర్ మొరాయించిందండీ, ఏమనుకోకండి. ఏదీ, సిస్టమ్?"

"మీవాళ్లు మార్చేసి వెళ్లారుగా."

"మావాళ్లా? మా కంపెనీలో మనిషంటే నేనొక్కణ్ణేనండీ."

యజమాని వెనక గుమ్మం వైపు చూశాడు.

"ఎదురు ప్రెస్సువాళ్లు పంపారేమో బాబాయ్" అంది అమ్మాయి.

యజమాని అమ్మాయిని కుర్చీలోంచి లేపేశాడు. కంపెనీ మనిషి కూర్చుని ఫైళ్లన్నీ వెతికాడు. తప్పేమీ కనిపించలేదు.

"చాదస్తంగా చేశాడు గానీ, శుభ్రంగా చేశాడండీ. ఎవరు మీకు తెలిసినాయన?"

"అదే తెలియక చస్తున్నాం" అన్నాడు యజమాని.

ఇంతలో ఫోన్ మోగింది. ఎవరో అమ్మాయి గొంతు. ఏడ్చి ఏడ్చి ఆగినట్టుంది.

"మీ కంప్యూటర్ బాగా నడుస్తోందా అండీ? మా నాన్నగారు కనుక్కోమన్నారు. వచ్చినప్పట్నుంచీ ఇంకేం మాట్లాడటం లేదు."

యజమానికి ప్రాణం లేచొచ్చింది.

"భేషుగ్గా నడుస్తోందమ్మా. ఇంతకీ మీ నాన్నగారిది ఏ కంపెనీ?"

"కంపెనీ ఏంటండీ? రేపు మా అమ్మ సంస్మరణ సభ, ఆ కార్డులు మీ దగ్గర అచ్చు వేయించడానికి వచ్చారండీ."