గొట్టం మాత్ర

విస్తరిలో అన్నం పెట్టి చాలాసేపైంది. అసిరయ్య ముట్టలేదు.

అల్లంత దూరంలో కూర్చుని, పిలుపులేవీ చెవిన పడనట్టు, నౌపడ ఉప్పుమడుల కేసి చూస్తున్నాడు. ఆయన తినందే ఇంకెవరూ తినడానికి లేదు. ఎండ నెత్తికెక్కుతోంది.

"తాగుడు మానేస్తాను నాన్నా. ఒట్టు. వచ్చి తిను," అన్నాడు కొడుకు లక్ష్ముడు.

అసిరయ్య మెడ ఇటు తిప్పాడు. అంతే.

"బతిమాలించుకోవడం ఆడికి సరదా," అన్నాడు బావ జగన్నాధం, పాతకాలం కాంపౌండరు. "ఒరే బావా, అలక సాలు. మాకూ ఆకలేస్తన్నాది."

అసిరయ్య పెళ్ళాం లక్ష్మణమ్మకి మొగుడి మీద విసుగూ రాలేదు, ఏడుపూ రాలేదు. విస్తరిలో ఉన్నది ఉప్పులేని అన్నం. ఉప్పుమడుల్లోనే ముసలైన మనిషికి రెండేళ్ళుగా అదే తిండి. కిడ్నీలు పాడయ్యాయనీ, ఉప్పు ముట్టనివ్వొద్దనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇవాళా వెయ్యకూడదని పెద్దలన్నారు.

గొట్టం మాత్రలు మొదలెట్టిన రోజున జగన్నాధం కోతలు కోశాడు. వెనకటికి ఈ గొట్టాలెక్కడివి? బియ్యప్పిండి రేకులు రెండిటి మధ్య చేదు పొడి పెట్టి, అంచులు తడిపి నొక్కేవారట. దాన్ని 'కాషే' అనేవారట. ఫ్రెంచి మాట. ముద్ర అని అర్థం; పుట్టింది మాత్రం నొక్కడం, దాచడం అనే మాటలోంచి. కళింగపట్నం రేవులో ఓడ దిగిన దొర ఒకడు ఈ సంగతి తన తాత చెవిలో వేసి, కుండెడు చేపల పులుసు ఊదేసి పోయాడట.

"అయితే బావా, అందులో సిటికెడు ఉప్పు దాసి ఇయ్యరాదేటి? నాలిక్కి తెలకపోతే పోనీ, కడుపుకైనా తెలస్తాది," అన్నాడు అసిరయ్య.

అందరూ నవ్వారు. లక్ష్మణమ్మ నవ్వలేదు, ఇవ్వలేదు. మొన్న ఆసుపత్రి మంచం మీద మళ్ళీ అదే అడిగాడు. ఆమె మొహం తిప్పుకుంది.

ఇప్పుడు కొంగుముడి విప్పింది. ఎర్రటి గొట్టం మాత్ర ఒకటి తీసి, అన్నం ముద్దలోకి వేలితో నొక్కి, పైన మెతుకులు కప్పింది.

"ఇంకా మందులేటి సెల్లీ?" అన్నాడు జగన్నాధం.

"మందు పారబోసినాను. ఉప్పెట్టినాను."



ఆమె కాస్త వెనక్కి జరిగి, "తిను," అంది.

కరెంటు తీగ మీది కాకి చప్పుడు లేకుండా కిందికి దిగి, పిండాన్ని ముట్టింది.