ముత్తవ్వ కొంగు

తెల్లారితే ముత్తవ్వ పదకొండో దినం. దండ వేయడానికి ఇంట్లో ఒక్క ఫోటో లేదు. కెమెరా కనిపిస్తే చాలు, ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది. మిగిలింది కూతురు సంధ్య పెళ్లి డీవీడీ ఒక్కటే. అందులోనూ అంతా మసక మసకే.

పది రోజులుగా వచ్చిపోయేవాళ్లకు వండి పెట్టి అలసిన సంధ్య గోడకు చేరగిలబడింది. సిరిసిల్ల వీధిలో బట్ట నేసే సాంచాల చప్పుడు కూడా ఆగిపోయింది. ఆమె భర్త ప్రేమ్‌కుమార్ తన గేమ్ కన్సోల్‌లో ఆ డీవీడీ పెట్టాడు.

“గిప్పుడే కొత్త అప్‌డేట్ ఎక్కిచ్చిన. మీ అవ్వ సినిమా హీరోయిన్ లెక్క కనబడ్తది సూడు. మొహం కనబడంగనే ఆపి, ఫోన్‌ల ఫోటో కొట్టు” అని చెప్పి, అక్కడే ఒరిగి నిద్రపోయాడు.

బొమ్మ నిజంగానే తేటగా వచ్చింది. తలంబ్రాల గింజలు లెక్కపెట్టొచ్చు. వెనక నిలబడ్డ ముత్తవ్వ, పెళ్లికూతురినే చూస్తూ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది. కళ్లు మాత్రం కనిపించాయి. అవైనా చాలనుకుని సంధ్య వీడియో ఆపింది.

మేళం ఆగింది. తలంబ్రాలు గాలిలోనే నిలిచిపోయాయి.

ఫోన్ ఎత్తేసరికి ముత్తవ్వ ముక్కు కనిపించింది. సంధ్య కళ్లు నులుముకుంది. తలంబ్రాలు కదల్లేదు. పై పెదవి కూడా కనిపించింది. కొంగు మెల్లగా దిగుతోంది.

“వద్దవ్వా” అంది సంధ్య. “మొహం కప్పుకో.”

కొంగు పట్టుకున్న చెయ్యి ఆగింది. అప్పటిదాకా పెళ్లికూతురిని చూస్తున్న కళ్లు, నెమ్మదిగా ఇటు తిరిగాయి.