పన్నెండోవాడు

"పదకొండు కాదమ్మా, పన్నెండు."

వెనకనుంచి వినపడ్డ ఆ మాటకి సార్జెంటమ్మ చేతిలో సుత్తి ఆగిపోయింది.

'మొదటి బ్యాచి, పదకొండుమంది' అని కింద రాసున్న పాత ఫోటో గోడకి బిగిస్తోందామె. యుద్ధవిమానాలకి తుపాకులూ, బాంబులూ, రాకెట్లూ ఎలా అమర్చాలో నేర్పే బడి అది. పెట్టి అరవై ఏళ్లయింది. ఆ చరిత్రంతా ఒక గదిలో సర్దమని పెద్దసారు ఆమెకి అప్పగించాడు. ఇంకాసేపట్లో ఆయనే చూడ్డానికి వస్తున్నాడు.

తిరిగి చూసింది. గుమ్మంలో ఓ ముసలాయన. ఉతికిన చొక్కా, చంకలో గొడుగు. ఈ వారం రోజులూ ఎవరైనా వచ్చి చూడొచ్చని గేటు దగ్గర బోర్డు పెట్టారు. అది చూసి వచ్చినట్టున్నాడు.

"ఏంటి పన్నెండు, తాతగారూ?"

"మొదటి బ్యాచి. పన్నెండుమందిమి."

ఫోటోలో తలలు లెక్కపెట్టింది. పదకొండు. జాబితా తీసి చూసింది. పదకొండు పేర్లే. అందరూ పాసు.

"వీళ్లలో మీరెవరు?"

"నేను లేను."

"మరి మొదటి బ్యాచి అన్నారు?"

"అవును."

"అయ్యో రామా! ఉన్నారా, లేరా? ఏదో ఒకటి చెప్పండి."

"ఉన్నాను. ఫోటో తీసే నాటికి పంపేశారు. ఫెయిలయ్యాను."

ఫెయిలైన చోటికి అరవై ఏళ్ల తర్వాత చొక్కా ఉతుక్కుని మరీ వచ్చేవాళ్లుంటారా?

"ఎన్నిట్లో పోయింది?"

"ఒక్క ప్రశ్నలో. పరీక్ష మూడుసార్లు పెట్టారు. మూడుసార్లూ అదే ప్రశ్న. నాదీ అదే జవాబు."

"ఒకసారి సున్నా వచ్చాక రెండోసారైనా మార్చి రాయొచ్చుగా?"

"రాయొచ్చు."

"మరి?"

"రాయలేదు."

"అంటే మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నమాట!"

ముసలాయన పకపకా నవ్వాడు. "మా ఆవిడా ఇదే మాట అనేది. పెళ్లైన మర్నాటి నుంచీ."

గది మధ్యలో పాత విమానం రెక్క ఒకటి నిలబెట్టి ఉంది. దాని కింద మందు తీసేసిన ఉత్తుత్తి రాకెట్టు. ఆయన దాని దగ్గరికి నడిచాడు.

"ఇప్పుడెలా బిగిస్తున్నారమ్మా దీన్ని?"

తొమ్మిదేళ్లుగా ఆమె చెబుతున్న పాఠమే. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

"రాకెట్టు తోకలో ఈ వైరుంది చూశారా? పైలట్ మీట నొక్కితే ఇందులోంచి కరెంటు వెళ్లి రాకెట్టు అంటుకుంటుంది. అందుకే వైరు కలిపేముందు, రెక్కలో కరెంటేమైనా మిగిలుందేమోనని ఈ చిన్న బల్బు పెట్టి చూస్తాం. వెలగకపోతేనే కలుపుతాం."

"ఇంకోసారి చూపించమ్మా."

చూపించింది.

"ఇంకొక్కసారి."

విసుగు దిగమింగుకుని మళ్లీ చూపించింది. ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. గదిలో దుమ్ముందేమో అనుకుంది.

"ఎప్పట్నుంచీ ఇలా చేస్తున్నారు?"

"మొదట్నుంచీ ఇంతేగా? ఇందులో కొత్తేముంది?"

"మొదట్నుంచీనా!"

ఆ గొంతులో ఉన్నది సంతోషమో బాధో ఆమెకి అంతుబట్టలేదు.

బయట జీపు ఆగిన చప్పుడైంది.

"తాతగారూ, పెద్దసారు వచ్చేశారు. ఇది పాసైనవాళ్ల..." అనబోయి నాలిక కరుచుకుంది. "మళ్లీ రండి. ఏమీ అనుకోకండి."

"అనుకోడానికేముందమ్మా? చూడాల్సింది చూశాను."

ఆయన పక్క గుమ్మంలోంచి వెళ్లిపోయాడు.

పెద్దసారు వచ్చాడు, తలాడించాడు, వెళ్లాడు. ఆమెకి మాత్రం ఆ పన్నెండు చెవిలో జోరీగలా మోగుతూనే ఉంది. ఇంకా సర్దని కాగితాలతో మూలనున్న రేకుపెట్టె తెరిచింది.

సగం ఖాళీ అయ్యాక మూడు జవాబు కాగితాలు దొరికాయి. మూడూ ఒకే చేతిరాత.

ప్రశ్న: రాకెట్టును రెక్కకి తగిలించిన వెంటనే ఏం చేయాలి?

జవాబు: వెంటనే వైరు కలపకూడదు. ముందు బల్బు పెట్టి చూడాలి. రెక్కలో కరెంటు మిగిలి ఉంటే వెనక నిలబడ్డవాడు పోతాడు.

కింద ఎర్రసిరా: 'వెంటనే వైరు కలపాలి అని పుస్తకంలో ఉంది. సున్నా.'

మూడో కాగితం మీద ఇంకో మాట ఎక్కువుంది: 'మొండివాడు. పంపేయండి.'

జవాబు సరైందే. సున్నా ఎందుకేశారు? పుస్తకమే తప్పా? మరి తను చెబుతున్న పాఠం ఎక్కడిది?

కాగితాలు పట్టుకునే గేటుదాకా పరుగెత్తింది.

"గొడుగు తాతా? ఇప్పుడే బస్సెక్కాడు మేడమ్," అన్నాడు కాపలా జవాను.

"పేరు రాయించుకున్నావా?"

"రాయమన్నాను. మీ జాబితాలో లేని పేరు నీ పుస్తకంలో ఎందుకులే నాయనా అన్నాడు."

రొప్పుతూ వెనక్కి వచ్చి పెట్టె మొత్తం కుమ్మరించింది. అట్టడుగున, ఆ పరీక్షలకి రెండేళ్ల తర్వాతి ఉత్తర్వు ఒకటి కనిపించింది. రాకెట్టుకి వైరు కలుపుతుండగానే అది అంటుకుని ఇద్దరు పోయారట. ఆ రెండు పేర్లూ ఆమె జాబితాలో ఉన్నవే, గోడమీది ఫోటోలో నవ్వుతున్నవాళ్లవే.

'ఇకనుంచి ప్రతి బ్యాచికీ తప్పక నేర్పవలసిన పద్ధతి' అని దాని కింద అచ్చువేసినవి, ఫెయిలైన ఆ పన్నెండోవాడు రాసిన మూడు వాక్యాలే. అక్షరం మారలేదు, రాసినవాడి పేరొక్కటే లేదు.