పేపర్లో లేని ముక్క

సంఘం వీధికి బస్సు చేరేలోపు అమ్మడి చెవిన పడని తీర్పు లేదు.

"దొందూ దొందే," అంది కూరగాయల సంచీ ఆవిడ.

"ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి," అన్నాడు కండక్టరు చిల్లర ఇస్తూ.

నిన్న సాయంత్రం ఇద్దరు అభ్యర్థులు టీవీలో రెండు గంటలు వాదించుకున్నారు. అడిగింది ఒకటైతే చెప్పింది ఇంకొకటి. ఊరంతా చూసింది, చూసి ఆవలించింది.

అమ్మడికి నిన్న ఆ టీవీ స్టేషన్లోనే డ్యూటీ. ఇద్దరు వంతులేసుకుని చేయాల్సిన పని. తోటి ఆవిడకి జ్వరమొచ్చి, రెండు గంటలూ ఒక్కతే చేసింది. పొద్దున్న లేచి దువ్వెన పట్టుకుంటే మణికట్లు సలిపాయి. ఇవాళ సెలవు, పడుకుంటే అడిగేవాళ్లు లేరు. కానీ నాన్న టీ ఫ్లాస్కు మరిచిపోయి సంఘానికి వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్లలో ఏనాడూ మరవని మనిషి. ఏ హుషారులో మరిచాడో ఆమెకి తెలుసు. అందుకే గుబులుగా ఉంది.

మూతపడ్డ బాయిలర్ల ఫ్యాక్టరీ గోడని ఆనుకుని పాత కార్మికుల సంఘం గది. ఒక పొడుగు బల్ల, పన్నెండు కుర్చీలు, ఒక పాత టీవీ. దాని రిమోట్లో పనిచేసేవి రెండే బటన్లు. వాళ్లకి అవి చాలు.

అమ్మడు గుమ్మంలో ఆగి లైటు స్విచ్చి రెండుసార్లు నొక్కింది. ఆ గదిలోకి వచ్చేవాళ్ల మర్యాద అది. పదకొండు ముసలి తలలు ఇటు తిరిగాయి.

నాన్న గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పెళ్లివారింటి మనిషిలా ఉన్నాడు.

"నా ఓటరు కార్డు ఎక్కడ దాచావే?" అన్నాడు, రాగానే.

పందొమ్మిదేళ్లయింది ఆయన ఓటేసి. అప్పట్లో ఈ పదకొండు మందీ కలిసి ఒకే ఒక్కటి అడిగారు. షెడ్డు మా ఒళ్లు గుల్ల చేసింది, తప్పు ఫ్యాక్టరీదే అని ఒక కాగితం మీద రాసివ్వండి చాలన్నారు. అప్పుడు పరిశ్రమల మంత్రిగా ఉన్న పెద్దమనిషి, "అదంతా వయసు మహిమ," అని ఫైలు మూసేశాడు. నాన్నకి అప్పటికి నలభై ఆరు. ఆ పెద్దమనిషే నిన్నటి ఇద్దరిలో ఒకడు.

అమ్మడు గ్లాసుల్లో టీ పోసింది. కాసేపు గది సద్దుమణిగింది. గ్లాసు చేతిలో ఉండగా అక్కడ ఎవరూ మాట్లాడరు. మాట తోస్తే గ్లాసు బల్ల మీద పెట్టాల్సిందే.

ముందుగా పెట్టినవాడు క్రేన్ బాబాయి. జీవితమంతా పైనుంచి కిందకి చూసినవాడు, దేన్నీ ఊరికే నమ్మడు.

"పేపరు రెండు పేజీలు వేసింది. అచ్చుతప్పులతో సహా చదివాను. మీరనే ముక్క ఎక్కడా లేదు."

"నేను నా రెండు కళ్లతో చూశాను," అన్నాడు నాన్న. "ఫ్యాక్టరీ పనివాళ్ల సంగతేమిటని ఆ పెద్దమనిషిని అడిగారు. 'ఆ షెడ్డులో మీరు పోగొట్టుకున్నది నేను తెచ్చివ్వలేను, తప్పు మాదే, క్షమించండి' అన్నాడు. అందరం చూశాం."

"నేనూ చూశాను. ఆయన మొహం కూడా చూశాను. నవ్వుతున్నాడు. తప్పు ఒప్పుకునేవాడు అలా నవ్వుతాడా?"

"నాయకుడి మొహంరా అది," అన్నాడు ఫిట్టరు మావయ్య. "గోడమీద పోస్టరు వానకి తడుస్తున్నా నవ్వుతూనే ఉంటుంది."

అందరూ బల్ల మీద చరిచి నవ్వారు. క్రేన్ బాబాయి నవ్వలేదు.

"ఏరు దాటేదాకా ఓడమల్లయ్య. మళ్లీ మోసపోతే ఈ వయసులో లేవలేం."

"మోసమే అనుకో," అన్నాడు నాన్న. "ఆ మాట అన్నాడు కదా. నాకదే కావాలి. రాత్రి నిద్రపట్టింది నాకు. ఎన్నేళ్లకో."

క్రేన్ బాబాయి అమ్మడి వైపు తిరిగాడు.

"మనలో మనకి తగువెందుకు? అమ్మడు అక్కడే ఉంది. స్వయంగా విన్నది. అది చెబితే నేనూ ఓటేస్తాను, మా ఇంట్లోవాళ్ల చేతా వేయిస్తాను."

పదకొండు మందీ ఆమెనే చూస్తున్నారు. కాదంటే ఆ ఇస్త్రీ చొక్కా మళ్లీ పెట్టెలోకి పోతుంది, నాన్న నిద్రా పోతుంది. అవునంటే ఇన్ని కుటుంబాల ఓట్లు ఆ పెద్దమనిషి గుమ్మంలోకి నడిచి వెళతాయి. పైగా రేపెవరైనా ఆరా తీస్తే ఆమె ఉద్యోగం గల్లంతు. అమ్మడికి ఒక్కసారిగా నీరసం వచ్చింది. ఎవరి మాటో మోసి మోసి విసిగిపోయిన నీరసం అది.

నాన్న చూపు ఆమె ముఖం మీద లేదు. ఆమె పట్టుకున్న ఫ్లాస్కు మీద ఉంది.

అమ్మడు ఫ్లాస్కు కింద పెట్టింది. రెండు చేతులూ ఖాళీ చేసుకుంది.

"అన్నాడు నాన్నా," అంది.

టీవీ తెర మూలన అరచేతంత గడిలో నిలబడి, ఆ షెడ్డు చప్పుడుకి చెవులు పోగొట్టుకున్న వీళ్లలాంటివాళ్లకి అభ్యర్థుల మాటలు చేతులతో చెప్పడమే నిన్న ఆమె చేసిన డ్యూటీ, ఆ ప్రశ్నకి ఆయన నవ్వుతూ చెప్పింది మాత్రం తను వేయించిన రోడ్ల సంగతి.