తొమ్మిది వందల ఎనభై గ్రాములు

"అమ్మ రాలేదా సార్?"

పసిపిల్లల ఐసీయూ తలుపుకు అడ్డంగా నిలబడి అడిగాడు సెక్యూరిటీ వీరాసామి. నిన్ననే డ్యూటీ మారి ఇక్కడికి వచ్చాడు.

"నేనొచ్చాను కదా. తలుపు తియ్యి," అన్నాడు ఫణిధర్.

"అమ్మలకే ఫస్టు సార్. రూల్స్ అట్లా."

"ఆ రూల్స్ రాసినవాణ్ణి పిలువు. వాడితోనే మాట్లాడతాను."

గొంతు పెరిగేసరికి లోపలి నుంచి నర్సు నివేదిత తొంగి చూసింది. "ఆయన్ని లోపలికి వదులు అన్నా," అంది.

ఫణిధర్ చేతులు కడుక్కుంటుంటే జేబులో ఫోన్ మోగింది. నటేశన్ నగర్ ఇంటి నుంచి తల్లి తాయారు.

"ఒరేయ్, ఇవాళ పదకొండో రోజు. పంతులుగారు ఏడింటికే వచ్చి కూర్చున్నారు. యానాం నుంచి పెదనాన్నా వాళ్ళూ దిగారు. ఎక్కడున్నావురా?"

"ఆస్పత్రిలో."

"ఒక్క పూట రాలేవా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగుర్నీ ఇక్కడికి పంపు. తలా ఒక గంట పిల్లను గుండె మీద పెట్టుకుంటారేమో అడుగు."

"మగాడివి. ఆడాళ్ళ మధ్య చొక్కా విప్పుకుని కూర్చోడం ఏంట్రా?"

"అయితే నువ్వొచ్చి కూర్చో."

"ఆ వైర్లు చూస్తేనే నాకు కళ్ళు తిరుగుతాయిరా."

ఫణిధర్ ఫోన్ కట్ చేశాడు.

కవలలు ఏడు నెలలకే పుట్టారు. మగపిల్లవాడు పద్నాలుగు వందల గ్రాములు. గాజుపెట్టెలో నిమ్మళంగా ఉన్నాడు. ఆడపిల్ల తొమ్మిది వందల ఎనభై. ఆ పిల్లతోనే భయం. ఉన్నట్టుండి ఊపిరి తీయడం మర్చిపోతుంది. మిషన్ కూస్తుంది. ఎవరో ఒకరు అరికాలు రుద్ది గుర్తు చేయాలి. మనిషి ఒంటి వేడి తగులుతూ ఉంటే మర్చిపోవడం తగ్గుతుందని నివేదిత నాలుగో రోజున చెప్పింది. అప్పటి నుంచి ఫణిధర్ సేదరపేట్ ఫ్యాక్టరీకి వెళ్ళలేదు. పొద్దున ఎనిమిదింటికి చొక్కా విప్పి కుర్చీలో కూర్చుంటాడు. నివేదిత పిల్లను తెచ్చి అతని ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి గుడ్డతో కడుతుంది.

పక్క కుర్చీలో కీర్తిక తన బిడ్డతో కూర్చుని ఉంది. చేరి రెండు రోజులే అయింది.

"అన్నా, అక్క ఒక దినం గూడా రాలేదంట గదా?"

ఫణిధర్ తన గుండె మీది పిల్లకు గుడ్డ సర్దాడు.

"నాకూ ఆపరేషనే. కుట్లు ఇంకా ఆరలేదు. అయినా వచ్చి కూసోలేదా? పాలు గూడా వేరే తల్లులిచ్చిన బ్యాంకు పాలేనంట. ఏం తల్లో ఏమో."

"నీ బిడ్డను నువ్వు చూసుకో," అన్నాడు.

"కీర్తికా, ఇట్లా రా," అని నివేదిత ఆమెను పక్క గదిలోకి పిలుచుకుపోయింది.

కీర్తిక మీద కోపం నిమిషంలో చల్లారింది. భార్య నాగశ్రీ మీది కోపమే చల్లారలేదు. పేర్లేం పెడదామని నెల రోజులు అడిగాడు. మొహాలు చూశాక చెప్తానంది. చెప్పలేదు. ఇద్దర్నీ అతని నెత్తిన పెట్టి వెళ్ళిపోయింది.

ఫోన్ తొమ్మిదిసార్లు వణికింది. అతను తీయలేదు.

తలుపు దగ్గర మళ్ళీ గొడవ. ఈసారి గొంతు మామగారిది. "నేను తాతనయ్యా. జరుగు."

నాగశ్రీ తండ్రి దామోదరన్ తోసుకుంటూ లోపలికి వచ్చాడు. ఎరువుల కొట్టు నడిపే మనిషి. గట్టిగా మాట్లాడటమే అలవాటు.

"ఫోను ఎత్తవేంది?"

"ఎత్తను."

"అంతమందీ నీ కోసరం కాచుకోనుండారు. అయ్యోరు లేచి పోతానంటా ఉండాడు."

"పోనివ్వండి."

"చదువుకున్నోడివి. నీకు బుద్ధి ఉండాదా?"

"మీకుందా మామయ్యా? పదకొండు రోజులైంది. ఒక్కసారైనా వచ్చి వీళ్ళ మొహం చూశారా? వీళ్ళేం తప్పు చేశారు?"

"చూడబుద్ధి కాలేదు." దామోదరన్ గాజుపెట్టె వైపు తిరగనైనా తిరగలేదు. "నువ్వు లెయ్. అంతే."

"లేవను. మధ్యాహ్నం దాకా దీన్ని ఎవరి గుండె మీద పెట్టి రమ్మంటారు? మా అమ్మ రాదు. అత్తయ్య మంచం దిగదు. మీకేమో చూడబుద్ధే కాదు."

మిషన్ కూసింది.

తెరమీద ఆక్సిజన్ అంకె తొంభై నుంచి ఎనభైకి, అక్కడి నుంచి డెబ్బైకి పడింది. ఫణిధర్ గుడ్డలో చెయ్యి పెట్టి చిటికెనవేలంత పాదాన్ని రుద్దాడు. "తియ్యి," అన్నాడు పంటి బిగువున, ఎవరినో తిడుతున్నట్టు. "ఊపిరి తియ్యవే." నివేదిత పరుగున వచ్చింది. అరవై ఎనిమిది. అరవై ఆరు. పిల్ల వీపు ఒకసారి ఎగిరింది. అంకె మెల్లగా పైకి పాకింది.

కూత ఆగింది. దామోదరన్ అప్పటికే వంగి ఉన్నాడు. పిల్ల మొహాన్నే చూస్తున్నాడు. ఎంతసేపటికీ నడుమెత్తలేదు.

"చేతులు యాడ కడగాల?" అని అడిగాడు నివేదితను.

మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాడు. తుడుచుకుని వచ్చి చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. కీర్తిక వదిలి వెళ్ళిన కుర్చీలో కూర్చుని, అదే కోపంతో అల్లుడి వైపు చేతులు చాచాడు.

"దీన్ని నా గుండె మీద పెట్టి, నువ్వు పోయి నా కూతురికి పిండం పెట్టిరా."