గట్టి నేల

“మన చిన్నిది ఈత ట్యూబు యాడ పెట్టినావు, శశీ?” అని నందీశ్ అడిగితే శశికళ ఉల్లిపాయల మీంచి తల ఎత్తలేదు. తాను చూడలేదంది. పొద్దున ఆ నారింజరంగు ట్యూబును వెనక గది తలుపు ఓరగా తీసి లోపలికి విసిరేసింది తనే. ట్యూబు లేకపోతే చిన్ని నీళ్లలో దిగదు. చెల్లెలు దిగకపోతే భరత్ దిగడు. పిల్లలే దిగనప్పుడు అండమాన్ దాకా పోవడం ఎందుకని మొగుడికే అనిపించకపోతుందా అని ఆమె ఆశ.

పోనీ, ఆయనేమైనా ఊళ్లు తిరిగే మనిషా అంటే అదీ కాదు. పక్కనున్న ముళబాగిలుకు పెళ్లికి రమ్మన్నా, వేమగల్ ఫ్యాక్టరీలో లీవు ఇవ్వరని తప్పించుకునేవాడు. అలాంటివాడికి ఉన్నట్టుండి దీవి పిచ్చి పట్టింది. తెల్లటి ఇసుక, కొబ్బరిచెట్ల కింద ఉయ్యాల, పిల్లలకు మోకాలి లోతు నీళ్లు అంటూ ఫోన్లో బొమ్మలు చూపించి ఇంటిల్లిపాదినీ ఊపేస్తున్నాడు.

శశికళకు మాత్రం ఆ బొమ్మలు చూస్తేనే భయం. లక్కూరులో ఆమె చిన్నాన్న కొడుకు చేని గుంటలో జారిపడి చచ్చిపోయాడు. నడుము లోతు గుంట అది. అప్పటినుంచి బకెట్‌లో నీళ్లు నిండుగా ఉన్నా ఆమె పిల్లల్ని అటు పోనివ్వదు.

“భరత్‌కి పరీక్షలు ఉండాయి గదా. దసరా సెలవుల్లో పోదాం” అంది చివరి ప్రయత్నంగా.

“అంతదాకా వద్దు. వాన పడేలోపల పోవాల.”

ఆ మాట అంటూ ఆయన వాకిట్లోకి పోయి మబ్బుల కేసి చూశాడు. వానలకు సముద్రం పొంగుతుందని ఆయనకూ భయమే కాబోలు అనుకుంది శశికళ. భయముండీ పోవడమేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

అత్త నరసమ్మ అడ్డుపడుతుందనుకుంటే అదీ జరగలేదు. గని తన కూలీలకు వరసగా కట్టి ఇచ్చిన ఈ లైను ఇంట్లోనే ఆమె మునివెంకటప్పతో కాపురం చేసింది, ఈ ఇంట్లోనే ఆయన్ను పోగొట్టుకుంది. మొన్నామధ్య వేమగల్‌లో ఇల్లు బాడుగకు తీసుకుందామని నందీశ్ అన్నందుకు, నలుగురు మోసుకుపోతేనే ఈ గడప దాటేదని రెండు రోజులు అన్నం మానేసింది. అంతటి మనిషిని అండమాన్‌కు ఒప్పించడానికి నందీశ్ గోడ మీది తండ్రి ఫోటో దించి సంచిలో పెట్టాడు. నాయనకు కూడా సముద్రం చూపిద్దామన్నాడు. నరసమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, కొత్త చీర వెతుక్కోవడానికి పోయింది.

“అవ్వా, సముద్రం ఎంత లోతు ఉంటాది?” అని అడిగింది చిన్ని.

“మీ తాత ఉంటే చెప్పుండును. గనిలో యాడ బొక్క కనపడినా రాయి వదిలి చెవి పెడతా ఉండె. చప్పుడు వస్తే దిగేది. రాలేదంటే, పిల్లోల్ని గాదు, పెద్దోళ్లని గూడా ఆ పక్కకి రానీవద్దనేవాడు.”

సముద్రంలో రాయి వేస్తే అడుగున చప్పుడు ఎవరికి వినపడుతుంది? శశికళ మొగుడి వైపు తిరిగింది.

“మీకు చెయ్యెత్తి మొక్కుతాను. గట్టి నేల మీద చల్లగా ఉండాము. పిల్లోల్ని ఎత్తుకొనిపోయి నీళ్ల పాలు చెయ్యొద్దు.”

నందీశ్ లేచి వెళ్లి వెనక గది గడియ సరిగ్గా పడిందో లేదో చూసి వచ్చాడు. అదొకటి పట్టుకుంది ఆయనకు. ఆ గదిలో ఎలుకల మందు పెట్టానని పిల్లల మంచం ముందు గదిలోకి మార్చాడు, నేలంతా కప్పేలా పెద్ద ప్లాస్టిక్ చాప తెచ్చి పరిచాడు, ఎవరూ అడుగు పెట్టొద్దన్నాడు. భరత్ గోలీలు ఎక్కడ వదిలినా ఆ గది వైపే దొర్లి, తలుపు కింది సందులోంచి లోపలికి పోయేవి. పోయినవి మళ్లీ కనపడేవి కావు. ఎలుకలు ఎత్తుకుపోయాయని వాడికి సర్దిచెప్పేవాడు.

బయల్దేరే పొద్దున, ఫ్యాక్టరీ స్నేహితుడు పురుషోత్తమ్ సామాన్లు వేసే టెంపో తెచ్చాడు. రెండు సంచులకు ఇంత బండి ఎందుకని శశికళ అడిగితే, ఆటో దొరకలేదని నందీశ్ గొణిగాడు. ఇంటి తాళంచెవి పురుషోత్తమ్ చేతిలోనే పెట్టాడు. మేం వచ్చేదాకా చూసుకో అన్నాడు. నరసమ్మ ఫోటో ఒడిలో పెట్టుకుని ముందు సీటెక్కింది. భరత్ మిగిలిన ఒక్క గోలీని, పోగొట్టొద్దమ్మా అని తల్లి చేతిలో పెట్టాడు.

అప్పుడు చిన్ని ట్యూబు కోసం ఏడుపు అందుకుంది.

ఆ ఏడుపుకు శశికళ ప్రాణం కొట్టుకుంది. ఎలాగూ పోక తప్పడం లేదు. రేపు నీళ్లలో బిడ్డకు ఆ ట్యూబే దిక్కు. దాన్ని దాచిపెట్టిన తన బుద్ధిని తానే తిట్టుకుంటూ బండి దిగి ఇంట్లోకి పరుగెత్తింది.

“శశీ, ఆ గదిలోకి పోవద్దు” అని వెనకనుంచి నందీశ్ కేక.

అప్పటికే ఆమె గడియ తీసేసింది. ట్యూబు అవతలి గోడ దగ్గర పడి ఉంది. చాప మీద ఒక అడుగు వేయగానే అది కాలి కింద మెత్తగా దిగింది. చటుక్కున వెనక్కి లాక్కుని, గడప మీదే కూర్చుని చాప అంచు ఎత్తింది. నేల ఈ గోడనుంచి ఆ గోడదాకా జానెడు వెడల్పున విచ్చుకుని ఉంది. లోపలినుంచి చల్లటి గాలి మొహానికి కొట్టింది.

శశికళ గుప్పిట విప్పి గోలీని అందులోకి వదిలింది. ఊపిరి బిగబట్టి చెవి పెట్టింది.

చప్పుడు రాలేదు.